ఇసుకపై ఆ జాడ ట్రాక్టరుది కాదు!

అంతర్వేది: మాఘమాసపు తెల్లవారుజామున అంతర్వేది పల్లిపాలెం ఒడ్డుకు వల లాగడానికి వెళ్లేవారికి ఒక్కొక్కసారి ఇసుకలో వింత జాడ కనిపిస్తుంది. నీటి అంచున మొదలై, పొడి ఇసుక దాకా వచ్చి, అక్కడ కొంతమేర నేలను కలియబెట్టి, మళ్లీ వేరే దారిన సముద్రంలోకి పోయి ఉంటుంది. వెడల్పు రెండడుగుల పైమాటే. మధ్యలో నున్నగా రాసుకుపోయిన గీత, ఇరుపక్కలా వంకర గుర్తులు. రాత్రివేళ ఇసుక కోసం ఎవరో ట్రాక్టరు తోలారేమోనని కొత్తవారు అనుకుంటారు. ట్రాక్టరు సముద్రంలోనుంచి పైకి రాదు గదా! ముసలివాళ్లు మాత్రం జాడను ఒక్కసారి చూసి, తాబేలు వచ్చి పోయిందని తేల్చేస్తారు.

ఆ వచ్చి పోయినది ఆలివ్ రిడ్లే జాతి సముద్ర తాబేలు. గుడ్లు పెట్టడానికి మాత్రమే ఆడది ఒడ్డెక్కుతుంది. మగది పుట్టిన రాత్రి నీటిలో దిగిందంటే మళ్లీ నేల తొక్కడం దాదాపు ఉండదు. కోనసీమ తీరంలో పుట్టి పెరిగి, కళ్లెదుట సముద్రం ఉన్నా, బతికిన తాబేలు ఒడ్డెక్కడం ఒక్కసారి కూడా చూడనివారే ఎక్కువ. అది వచ్చేది రాత్రి, ఒంటరిగా, చప్పుడు లేకుండా. చచ్చి కొట్టుకువచ్చిన తాబేలును మాత్రం చూడనివారు ఉండరు. ఆ సంగతి తరువాత.

ఆవుతో మొదలైన ఊరు

ఊహించని జంతువు ఎదురుపడటం అంతర్వేదికి కొత్త కాదు. ఈ క్షేత్రం వెలసిన కథే అటువంటిది. ఒక ఆవు ఇంటికి వచ్చాక పాలు ఇవ్వకపోవడంతో పశువుల కాపరి కేశవదాసు దాని వెంట వెళ్లి చూడగా, అది ఒక పుట్ట మీద పాలధార విడుస్తూ కనిపించిందని, అక్కడే నరసింహస్వామి విగ్రహం బయల్పడిందని స్థలపురాణం. సఖినేటిపల్లి మండలంలోని కేశవదాసుపాలెం ఆ పేరును ఇప్పటికీ మోస్తున్నది. ఇక్కడి అమ్మవారు అశ్వరూఢాంబిక, గుర్రాలక్కగా ఈ ప్రాంతీయులకు ఇలవేల్పు. స్వామివారైతే సరేసరి, సగం సింహం. దశావతారాల్లో ఆయనకు రెండు మెట్లు ముందున్నది కూర్మమే.

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నిలబడితే రోజుకొక వింత కనిపిస్తుందనడంలో అతిశయోక్తి లేదు. పోటు వేళ సముద్రపు చేప నదిలోకి ఎదురెక్కుతుంది. పాటు వేళ మడచెట్ల వేళ్ల మధ్య బురదలో పీతలు, కొంగలు పోటీ పడతాయి. మడ అడవులున్న చోట నీటికుక్కల గుంపులు, చేపను పంజాతో కొట్టి తినే బావురు పిల్లి తిరుగుతాయి. బావురు పిల్లిని చీకట్లో చూసి చిరుతపులి అని భయపడినవారు ఉన్నారంటే నవ్వనక్కరలేదు. 2022లో ప్రత్తిపాడు ప్రాంతంలో పెద్దపులి వారాల తరబడి తిరగడం, 2024 సెప్టెంబరులో రాజమహేంద్రవరం శివార్లలోనూ కడియం నర్సరీల వైపూ చిరుత సంచరించడం గోదావరి జిల్లాలవారు మరచిపోలేదు.

మత్స్యకారుడికి వల్లో దొరికే వింతలు వేరు. కచ్చిడి చేప పడిందంటే పల్లిపాలెం హార్బరులో ఆ రోజు తిరునాళ్లే. రుచి వల్ల కాదు, దాని పొట్టలోని గాలితిత్తి వల్ల దానికి ఆ ధర. ఎండబెట్టిన తిత్తి చైనా, హాంగ్‌కాంగ్‌ల వైపు పోతుంది. ఒక్క చేప లక్షలు పలికిన సందర్భాలు ఈ తీరంలో ఉన్నాయి. అదే వలలో, అదే బరువుతో తాబేలు పడితే? పైసా రాదు సరికదా వల చిరుగుతుంది. ఒకటి అదృష్టం, ఒకటి దండుగ. తాబేలు కథను ఒడ్డున ఉన్నవారు చెప్పే తీరుకూ బోటు మీద ఉన్నవారు చెప్పే తీరుకూ తేడా ఇక్కడే వస్తున్నది.

గంటలోపు పని

ఈ తాబేలు డొప్ప రెండడుగుల పైచిలుకు పొడవు. బరువు 35 నుంచి 50 కిలోల వరకు. మన చెరువు తాబేలులా తలను, కాళ్లను డొప్పలోకి ముడుచుకోలేదు. కాళ్ల స్థానంలో తెడ్ల వంటివి ఉంటాయి. నీటిలో అవి రెక్కలు, ఇసుక మీద మాత్రం భారం. నాలుగు బారలు జరిగి, ఆగి, రొప్పి, మళ్లీ జరుగుతుంది.

పోటు తగలని చోటు అని తనకు తోచిన దగ్గర ఆగి, వెనుక తెడ్లతో గొయ్యి తవ్వుతుంది. చూసినవారు ఆశ్చర్యపోయేది ఈ పనికే. ఒక తెడ్డును దోసిలిలా వంచి ఇసుక తీసి పక్కన పెడుతుంది, తరువాత రెండో తెడ్డు. వెనక్కి తిరిగి చూడకుండానే అడుగున్నర లోతున కుండ ఆకారపు గొయ్యి తయారవుతుంది. అందులో నూరు, నూటఇరవై వరకు గుడ్లు జారవిడుస్తుంది. టేబుల్ టెన్నిస్ బంతి పరిమాణం, తెల్లగా, పగలకుండా సొట్టపడే మెత్తని పెంకు. ఆ సమయంలో దాని కళ్ల నుంచి నీరు కారుతుంది. బిడ్డలను వదిలిపోతున్నందుకు ఏడుస్తున్నదని తీరగ్రామాల్లో అనుకోవడం కద్దు. నిజానికి ఒంట్లో చేరిన ఉప్పును బయటికి పంపే గ్రంథులు దానికి కళ్ల దగ్గర ఉంటాయి. నీటిలో ఉన్నప్పుడూ కారుతూనే ఉంటుంది, మనకు కనిపించదంతే.

గుడ్లు పెట్టాక ఇసుక కప్పి, శరీరాన్ని అటూ ఇటూ ఊపుతూ డొప్పతో దిమ్మిస కొట్టినట్లు నేలను గట్టిపరుస్తుంది. చుట్టూ ఇసుక చిమ్మి ఆనవాలు చెరిపి, వెనుదిరిగి చూడకుండా నీటిలోకి పోతుంది. అంతా గంటలోపే. పొదగడం, కాపలా కాయడం దానికి లేవు. ఆ పని సూర్యుడిది, ఇసుకది.

ఇసుక మరో పని కూడా చేస్తుంది. పుట్టేది ఆడా మగా అన్నది గుడ్డులో ముందే రాసి ఉండదు. గూటిలోని వేడి తేలుస్తుంది. రమారమి 29, 30 డిగ్రీల దగ్గర గీత ఉంటుంది. ఇసుక అంతకంటె వేడెక్కితే ఎక్కువగా ఆడపిల్లలు, చల్లబడితే మగపిల్లలు. ఏటేటా ఎండలు ముదురుతున్న ఈ కాలంలో శాస్త్రజ్ఞులు దీన్ని గురించి ఆందోళన చెందడంలో ఆశ్చర్యం లేదు. అన్నీ ఆడవే పుడితే జాతి ఎలా నిలుస్తుంది?

ఉత్సవం నాడే ఆమె రాక

ఆంధ్ర తీరంలో తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం ప్రధానంగా జనవరి నుంచి మార్చి వరకు. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణోత్సవాలు కూడా మాఘంలోనే. రథసప్తమి మొదలు పౌర్ణమి వరకు వేలకు వేలు జనం. భీష్మ ఏకాదశి నాటి రథోత్సవానికి, పౌర్ణమి నాటి సముద్ర స్నానాలకు ఒడ్డంతా నిండిపోతుంది. అంటే సంవత్సరంలో సముద్రతీరం మీద అత్యధికంగా దీపాలు, బళ్లు, మనుషులు ఉండే వారంలోనే, చీకటీ నిశ్శబ్దమూ కోరుకునే ఆ ప్రాణి కూడా ఇదే తీరం వైపు వస్తున్నదన్నమాట. దేవస్థానం వద్ద వెలుగులు తప్పవు. అయితే తూర్పుగా సరుగుడు తోటల వెంబడి చీకటి ఒడ్డు ఇంకా మైళ్ల కొద్దీ ఉన్నది. తాబేలు ఎంచుకునేదీ అటువంటి చోటునే.

ఇక్కడి రైతులకు తిథులతో లెక్క చెబితే సులువుగా అర్థమవుతుంది. గుడ్డు పిల్ల కావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. మాఘ పౌర్ణమి రాత్రి పెట్టిన గుడ్లు ఉగాదికి అటూఇటుగా మొదలుపెట్టి చైత్ర పౌర్ణమిలోగా పిల్లలవుతాయి. శ్రీరామనవమి పందిళ్లు వేసే నాటికి ఇసుక కింద కదలిక ఉంటుంది. పిల్లలన్నీ ఒకేసారి ఇసుకను తోసుకుంటూ, సాధారణంగా రాత్రి చల్లబడ్డాక, బయటికి వస్తాయి. రూపాయి బిళ్ల కంటె కొంచెం పెద్దవి, నల్లగా ఉంటాయి. ఎటు వెలుగుగా ఉంటే అటు పరుగు తీస్తాయి. లక్షల ఏళ్లుగా రాత్రివేళ వెలుగుగా ఉన్న దిక్కు సముద్రమే. ఇప్పుడు రొయ్యల చెరువుల గట్ల మీది లైట్లు, రిసార్టుల లైట్లు ఆ లెక్కను తారుమారు చేస్తున్నాయి. అటు పోయిన పిల్ల తెల్లవారే సరికి ఎండకు మాడిపోతుంది, లేదా కాకికి, ఎర్రపీతకు దొరుకుతుంది. సముద్రం చేరిన వెయ్యి పిల్లల్లో పెద్దయ్యేది ఒక్కటేనని అంచనా. అందుకే ఒడ్డెక్కిన ప్రతి ఆడ తాబేలుకూ అంత విలువ.

పిల్లల దాకా రాకముందే గూళ్లకు శత్రువులు తక్కువేమీ కాదు. నక్కలు, ఊరకుక్కలు వాసన పట్టి తవ్వేస్తాయి. పూర్వం నక్కలదే హెచ్చు. ఇప్పుడు చేపల వ్యర్థాలు తిని మరిగిన కుక్కల మందలు వాటిని మించాయి. వీటికి తోడు సముద్రపు కోత. పెద్ద పోట్లకు అలలు పల్లిపాలెం ఇళ్ల వరకు రావడం ఇటీవలి సంవత్సరాల్లో ఇక్కడివారికి అనుభవమే. మనిషి ఇల్లు ఎక్కడ కట్టుకోవాలో తెలియని ఒడ్డున తాబేలు గూడు ఎక్కడ నిలుస్తుంది? ఉప్పునీరు నిలిచిన గూటిలో గుడ్లు కుళ్లిపోతాయి. ఈ కారణం చేతనే రాష్ట్ర తీరంలో పలుచోట్ల అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు గుడ్లను సేకరించి, కంచె కట్టిన ఇసుక పొదుగుడు కేంద్రాలలో పాతి, పిల్లలను సముద్రంలో వదులుతున్నాయి.

చచ్చి వచ్చేవి

ప్రతి ఏటా చలికాలంలో సఖినేటిపల్లి, మలికిపురం మండలాల తీరానికి చచ్చిన తాబేళ్లు కొట్టుకువస్తుంటాయి. కళ్లు ఉబ్బి, మెడ వాచి, ఒంటి మీద గాయం లేకుండా ఉంటాయి కొన్ని. గాయమే లేనిది ఎందుకు చచ్చిందని చూసినవారు అడుగుతారు. తాబేలు చేప కాదు. మొప్పలు లేవు, ఊపిరితిత్తులున్నాయి. గాలి కోసం పైకి రావలసిందే. మరబోట్లు లాగే ట్రాల్ వలలో చిక్కుకుని గంటలకొద్దీ నీటి అడుగున ఉండిపోతే మనిషి మునిగి చచ్చినట్లే అదీ చస్తుంది. 2025 జనవరిలో తమిళనాడు తీరంలో, ముఖ్యంగా చెన్నై పరిసరాల్లో, వందలాదిగా కళేబరాలు కొట్టుకువచ్చి దేశమంతటా సంచలనం కలిగింది.

దీనికి విరుగుడు లేక కాదు. వల గొట్టంలో ఏటవాలుగా ఇనుప ఊచల చట్రం, దాని పైన ఒక కిటికీ వంటి తలుపు అమరుస్తారు. రొయ్య, చిన్న చేప ఊచల సందుల్లోంచి వల చివరకు పోతాయి. తాబేలు ఊచలకు తగిలి పైకి జారి తలుపు తోసుకుని బయటపడుతుంది. పరికరం చిన్నది, దాని కోసం జరిగిన తగవు పెద్దది. తాబేళ్లను రక్షించని దేశాల రొయ్యలు కొనబోమని అమెరికా 1989లో చట్టం చేసింది. దానిపై భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థకు ఎక్కగా 1998లో తీర్పు వచ్చింది. చివరకు 2018లో మన సముద్రంలో పట్టిన రొయ్యలకు అమెరికా గుమ్మం మూసుకుంది. చెరువు రొయ్యలకు ఈ నిబంధన వర్తించదు కనుక కోనసీమ ఆక్వా రైతుకు ఆ దెబ్బ తెలియలేదు. బోటు మీద బతికేవాడికి తెలిసింది.

చట్రం పెడితే పట్టిన సరకులో కొంత తలుపు గుండా పోతుందని బోటు యజమానుల అభ్యంతరం. డీజిలు ధరలు, ఐసు ఖర్చు, కలాసీల కూలి లెక్కవేసుకునే సరంగుకు ప్రతి కిలో లెక్కే. ఆ మాటను కొట్టిపారేయరాదు. కాని తాబేలు దూరిన వల పాడవడం, బరువుకు చేప నలిగిపోవడం కూడా ఆ లెక్కలో వేయాలి గదా! పరికరాన్ని పూర్తి రాయితీతో ఇచ్చి, వాడకం నేర్పి, ఆ తరువాత తనిఖీ చేస్తే అభ్యంతరాలు చాలావరకు తగ్గుతాయి. తనిఖీ ముందు, రాయితీ తరువాత అంటే బండి ముందు, ఎద్దు వెనుక.

వేట నిషేధం సంగతి కూడా చూడవలసి ఉన్నది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లు కదలరాదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ నిషేధం. తాబేలుకు ఇది ఆలస్యంగా అందే సాయం. తల్లులు ఒడ్డుకు చేరే జనవరి, ఫిబ్రవరి నెలల్లో బోట్లు ముమ్మరంగా తిరుగుతూనే ఉంటాయి. నిషేధం మొదలయ్యేనాటికి చావవలసినవి చచ్చిపోయి, ఆఖరి పిల్లలు నీటిలోకి దిగుతుంటాయి. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వలలు లాగరాదన్న రాష్ట్ర నిబంధన ఎటూ ఉన్నది. ఈ రెండు మూడు నెలలైనా దాన్ని గట్టిగా అమలు చేస్తే చిన్న తెప్పల వారికీ, తాబేళ్లకూ కూడా మేలు. ఎందుకంటే గుడ్లు పెట్టే తాబేళ్లు తిరుగాడేది సరిగ్గా ఆ దగ్గరి నీటిలోనే.

ఎదురుపడితే ఏం చేయాలి?

రాత్రి ఒడ్డున తాబేలు కనిపిస్తే టార్చి వేయకుండా, ఫోటో వెలుగు కొట్టకుండా, దూరంగా దాని వెనుక వైపు నిలబడాలి. గొయ్యి తవ్వకముందు బెదిరితే గుడ్లు పెట్టకుండానే తిరిగిపోతుంది. మీద కూర్చోవడం, తిరగవేయడం వంటి ఆటలు పిల్లలు ఆడకుండా పెద్దలు చూడాలి. గూడు దొరికితే తవ్వవద్దు. కర్ర గుచ్చి చూడడం అసలే వద్దు. అటవీశాఖ వారికి కబురు పెడితే వారు చూసుకుంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ తాబేలుకు పెద్దపులితో సమానమైన స్థానం ఉన్నది. మాంసం, గుడ్లు తీసినా అమ్మినా మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు.

వలలో పడిన తాబేలు కదలకుండా ఉంటే చచ్చిందనుకుని వెంటనే నీటిలోకి విసిరేయడం పెద్ద పొరపాటు. నీరు మింగి స్పృహ తప్పి ఉండవచ్చు. దాన్ని పొట్ట ఆనేలా పెట్టి, వెనుక భాగం కింద జానెడు ఎత్తు ఏదైనా ఉంచి, తడి గోనెపట్టా కప్పి నీడలో ఉంచాలి. ముక్కు మీద మాత్రం కప్పరాదు. కొన్ని గంటలకు, ఒక్కోసారి రోజు గడిచాక, తెడ్లు ఆడిస్తుంది. అప్పుడు ఇంజను ఆపి, నెమ్మదిగా నీటిలోకి జార్చాలి.

ఇంకొక పొరపాటు భక్తితో జరుగుతున్నది. దారి తప్పిన సముద్ర తాబేలు పిల్లలను తెచ్చి చెరువులోనో, కోనేటిలోనో వదులుతారు. మంచినీటిలో అవి బతకవు. చెరువు తాబేలును పుణ్యమని సముద్రంలో వదిలినా అంతే. తెడ్లుంటే సముద్రానికి, గోళ్లున్న కాళ్లుంటే చెరువుకు. శ్రీకూర్మం ఆలయంలో కనిపించే నక్షత్ర తాబేళ్లు మూడో రకం, అవి మెట్టవి, ఏ నీటిలో వేసినా మునిగిపోతాయి.

తాబేలు ముందు తెడ్డుకు చిన్న లోహపు బిళ్ల ఉంటే దాన్ని పీకవద్దు. అంకె రాసుకుని అటవీశాఖకు చెప్పాలి. ఆ అంకె విలువ ఎంతో 2025లో తెలిసింది. ఒడిశాలోని గహీర్మఠ వద్ద 2021 మార్చిలో జంతు సర్వేక్షణ శాస్త్రజ్ఞులు బిళ్ల కట్టి వదిలిన ఒక తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ తీరాన గుడ్లు పెడుతూ కనిపించింది. తూర్పు సముద్రం నుంచి పడమటి సముద్రానికి, దాదాపు 3,500 కిలోమీటర్లు! తూర్పున గుడ్లు పెట్టేవి తూర్పునే ఉంటాయనుకున్నవారు ముక్కున వేలు వేసుకున్నారు. ఆ మరుసటి నెలలోనే ఒడిశాలోని రుషికుల్య ఒడ్డున కొద్దిరోజుల్లో ఏడు లక్షల వరకు తాబేళ్లు గుడ్లు పెట్టాయి. మన తీరానికి వచ్చేవి అటువంటి దండు కాదు, ఒకటీ అరా. ఒడిశాకు పోయే దారిలో ఆగేవి కొన్ని, ఇక్కడికే వచ్చేవి కొన్ని.

ఆ ఒకటీ అరా కోసమే మాఘంలో చూడాలి. పొద్దు పొడిచేలోగా వెళ్లినవారికే జాడ కనిపిస్తుంది. ఎండెక్కాక గాలికి, మధ్యాహ్నపు పోటుకు అది చెరిగిపోతుంది. గూడు మాత్రం అడుగున్నర లోతున ఉగాది దాకా అక్కడే ఉంటుంది.